బడ్డీ మిల్లర్: పక్కన వాయించే మనిషి సొంత పేరుతో ముందుకొస్తే

టెలికాస్టర్ శ్రీధర్

ఇక్కడ గిటార్ హీరోల మీద థ్రెడ్లకు కొదవ లేదు. నాకు మాత్రం చాలా రోజులుగా పక్కన నిలబడి వాయించేవాళ్ల గురించి మాట్లాడాలని ఉంది, అందులోనూ అమెరికన్ గిటారిస్టు బడ్డీ మిల్లర్ గురించి. మీలో చాలామంది ఆయన గిటార్ వినే ఉంటారు, ఆయనే వాయించాడని తెలిసి ఉండదు. కంట్రీ గాయని ఎమ్మిలూ హారిస్ 1995లో 'రెకింగ్ బాల్' చేశాక ఆ పాటలతో ఊళ్లు తిరగడానికి స్పైబాయ్ అని ఒక చిన్న బ్యాండ్ కట్టుకుంది, అందులో గిటార్ ఈయనదే. లూసిండా విలియమ్స్ 1998 ఆల్బమ్ 'కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్'లో ఉన్నాడు. స్టీవ్ ఎర్ల్ పక్కన వాయించాడు. 2008లో రాబర్ట్ ప్లాంట్, అలిసన్ క్రాస్ కలిసి టూర్ చేస్తే అందులోనూ ఉన్నాడు, ఆ తర్వాత ప్లాంట్ 2010లో వేసిన 'బ్యాండ్ ఆఫ్ జాయ్'కి ప్లాంట్‌తో కలిసి ప్రొడ్యూసర్ కూడా.

ఇలాంటి మనిషి సొంత పేరుతో ఆల్బమ్ వేసింది నలభై దాటాక, 1995లో. పేరు 'యువర్ లవ్ అండ్ అదర్ లైస్', కంపెనీ హైటోన్, రికార్డింగ్ నాష్‌విల్‌లో సొంత ఇంట్లో. గిటారిస్టు సోలో ఆల్బమ్ అనగానే మనందరికీ తెలిసిన రోగం ఒకటుంది కదా, పాట రెండు నిమిషాలు, సోలో నాలుగు నిమిషాలు. ఇందులో అది వెతికినా దొరకదు. వేరే గాయని వెనకాల ఎంత తగ్గి వాయిస్తాడో తన గొంతు వెనకాల కూడా అంతే తగ్గి వాయిస్తాడు. సొంత ఆల్బమ్‌లో కూడా తనకు తనే పక్కవాద్యం అన్నమాట. నాకు నచ్చింది అదే, కొంతమందికి నచ్చనిది కూడా అదేనేమో.

మీ లెక్కలో ఇలా ముందుకొచ్చి నిలబడ్డవాళ్లు ఎవరు, రాకుండా ఉంటే బాగుండేది అనిపించినవాళ్లు ఎవరు? చెప్పండి.

వాల్తేరు వాసు

ప్లాంట్ బ్యాండ్‌లో టోపీ పెట్టుకుని ఒక పక్కన నిలబడే తెల్లజుట్టు ఆయనేనా? మనిషి కన్నా ఆ వింత ఆకారం గిటార్ బాగా గుర్తుంది నాకు. రూట్స్ రాక్, అంటే కంట్రీ, బ్లూస్, జానపదాల మీద నిలబడే రాక్, అందులో నేను ది బ్యాండ్, క్రీడెన్స్ దగ్గరే ఆగిపోయాను, కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి. ఇంకో సందేహం, ఈయన పాడగలడా? గిటారిస్టులు మైకు ముందుకొస్తే నాకు కొంచెం టెన్షన్.

పాత కేసెట్ల పద్మ

శ్రీధర్ గారూ, మీరు చెప్పినదంతా నిజమే కానీ కథను పదిహేనేళ్లు వెనక్కి జరపాలి. బడ్డీ మిల్లర్ పక్కవాద్యం నుంచి మొదటిసారి ముందుకొచ్చింది 1995లో కాదు. ఒహాయోలో పుట్టాడు, డెబ్బైల్లో ఆస్టిన్ చేరాడు, అక్కడే జూలీ అనే గాయని పరిచయం, తర్వాత పెళ్లి. ఎనభైల మొదట్లో న్యూయార్క్ వెళ్లి సొంత పేరుతోనే బడ్డీ మిల్లర్ బ్యాండ్ నడిపాడు. ఆ బ్యాండ్‌లో ఎవరున్నారో చూడండి: షాన్ కాల్విన్ అక్కడ పాడేది, లారీ క్యాంప్‌బెల్ వాయించేవాడు. కాల్విన్ తర్వాత గ్రామీలు కొట్టింది, క్యాంప్‌బెల్ 1997 నుంచి 2004 దాకా బాబ్ డిలన్ పక్కన ఉన్నాడు. అంటే నాయకుడుగా ఉండి పక్కకు వెళ్లి, ఇరవై ముప్పై మందికి వాయించి, మళ్లీ ముందుకొచ్చిన మనిషి ఈయన. "ఎన్నాళ్లో నీడలో ఉండి వెలుగులోకి వచ్చాడు" అనే కథ పత్రికలకు బాగుంటుంది, ఈయనకు సరిపోదు.

వాసు గారికి: పాడగలడు. గొంతు నున్నగా ఉండదు, కొంచెం ముక్కుతో, కొంచెం గరుకుగా ఉంటుంది, పై స్థాయికి వెళ్లినప్పుడు గొంతు చిరుగుతుందేమో అనిపిస్తుంది కానీ చిరగదు. పాత కంట్రీ, నల్లవాళ్ల చర్చి పాటలు రెండూ ఒకే గొంతులో వినిపిస్తాయి. మొదలుపెట్టడానికి 2004లో వచ్చిన 'యూనివర్సల్ యునైటెడ్ హౌస్ ఆఫ్ ప్రేయర్' చాలు. రెజీనా, ఆన్ మెక్రేరీ అక్కచెల్లెళ్లు వెనకాల పాడారు. డిలన్ యుద్ధ వ్యతిరేక పాట ఒకదాన్ని తొమ్మిది నిమిషాల పైన సాగదీసి పాడాడు, అప్పుడు ఇరాక్ యుద్ధం నడుస్తోందని గుర్తుపెట్టుకుని వినండి.

డాలస్ ప్రసాద్

అందరూ మంచివాళ్లే గానీ ఈ థ్రెడ్‌కి అసలైన మనిషి మైక్ క్యాంప్‌బెల్ అండి. 1976లో టామ్ పెటీ బ్యాండ్ హార్ట్‌బ్రేకర్స్ మొదటి ఆల్బమ్ నుంచి 2017లో పెటీ పోయేదాకా, నలభై ఏళ్లు ఒకే మనిషికి కుడి పక్కన. సగం పెద్ద పాటలకు ట్యూను ఇచ్చింది ఈయన. 1984లో ఒక డ్రమ్ మెషీన్ మీద డెమో చేసి పెటీకి వినిపిస్తే అది ఆ ఆల్బమ్‌కి పనికిరాలేదు, డాన్ హెన్లీ దగ్గరికి వెళ్లింది, 'ది బాయ్స్ ఆఫ్ సమ్మర్' అయింది. అంత చేసి కూడా తన సొంత బ్యాండ్ డర్టీ నాబ్స్‌ని చాలా ఏళ్లు లాస్ ఏంజెలెస్ చిన్న క్లబ్బుల్లోనే ఉంచాడు. మొదటి ఆల్బమ్ 2020లో, డెబ్బై ఏళ్ల వయసులో. దీన్ని అనాలి ముందుకు రావడం అని.

నేను విన్నాను. పాటలు బాగున్నాయి, గిటార్ గురించి చెప్పేదేముంది. కానీ పాడుతుంటే పదాలు విరిచే తీరులో పెటీ వినిపిస్తాడు. నలభై ఏళ్లు పక్కన ఉంటే అంటుకోదా మరి. నాకది లోపంలా అనిపించలేదు, కొంచెం బాధగా అనిపించింది అంతే.

టెలికాస్టర్ శ్రీధర్

ప్రసాద్ గారూ, క్యాంప్‌బెల్‌ని పక్కవాద్యం అంటే నేను ఒప్పుకోను. ఆయన బ్యాండ్ సభ్యుడు, పాటల్లో భాగస్వామి. రేపు పిలిస్తే వచ్చి, ఎల్లుండి ఇంకొకరికి వాయించే మనిషి కాదు. బ్యాండ్ నుంచి బయటికి రావడం వేరు, అద్దె గిటార్ నుంచి బయటికి రావడం వేరు.

డాలస్ ప్రసాద్

పేరు పోస్టర్ మీద ముందు ఎవరిది ఉందో చూడండి సార్. "టామ్ పెటీ అండ్". ఆ "అండ్" తర్వాత ఉన్నవాళ్లందరూ నా దృష్టిలో పక్కవాళ్లే.

బెజవాడ కిట్టు

అన్నలూ, అక్కా, మధ్యలో దూరుతున్నాను. నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లోనూ, ఒక గాయకుడి లైవ్ షోలకూ గిటార్ వాయిస్తాను. సొంతంగా కొన్ని పాటలు రాసుకున్నాను, పాడతాను కూడా, గొంతు మరీ గొప్పగా ఉండదు. షో అయ్యాక సొంత పాట ఒకటి పాడతానని అడిగితే "నీ పని నువ్వు చూసుకో" అన్నారు ఒకాయన, అది వేరే కథ. నా ప్రశ్న ఏంటంటే, ఇంత పేరున్న వాయిద్యగాళ్లు కూడా సొంతంగా రావడానికి నలభై, డెబ్బై ఏళ్లు ఎందుకు ఆగుతారు? భయమా, డబ్బా, లేక నిజంగానే వాళ్లకి అక్కర్లేదా?

పాత కేసెట్ల పద్మ

కిట్టూ, గొంతు సంగతి అడిగావు కాబట్టి డేవ్ ఆల్విన్ గురించి చెప్తాను, నీకు పనికొస్తుంది. కాలిఫోర్నియాలో డౌనీ అనే ఊరి అన్నదమ్ములు, ది బ్లాస్టర్స్ బ్యాండ్. పాటలు రాసేది తమ్ముడు డేవ్, గిటార్ కూడా తనదే. పాడేది అన్న ఫిల్, ఆ గొంతు ఊరంతా వినపడే గొంతు. ఇంట్లోనే అలాంటి గాయకుడు ఉంటే తమ్ముడికి మైకు దగ్గరికి వెళ్లే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? బ్లాస్టర్స్ వదిలి, కొన్నాళ్లు ఎక్స్ బ్యాండ్‌లో వాయించి, 1987లో మొదటిసారి సొంత ఆల్బమ్‌లో పాడాడు. ఆ ఆల్బమ్‌లో పాటలు గొప్పవి, పాడటం మాత్రం అరుపు. బ్యాండ్ మోత మీద పోటీ పడి అరిచినట్టు ఉంటుంది.

1994కి వచ్చేసరికి 'కింగ్ ఆఫ్ కాలిఫోర్నియా' చేశాడు, గ్రెగ్ లీజ్ ప్రొడ్యూసర్. ఎక్కువగా అకూస్టిక్ వాయిద్యాలు. చుట్టూ మోత తగ్గేసరికి తన గొంతు అసలు ఎక్కడ కూర్చుంటుందో దొరికింది, కింద, లోతుగా, దాదాపు మాట్లాడినట్టు. ఆ రోజు నుంచి ఆయన వేరే గాయకుడు. 2000లో పాత జానపదాలతో చేసిన 'పబ్లిక్ డొమైన్'కి గ్రామీ వచ్చింది. గొంతు పెరగలేదు, చుట్టూ ఉన్నది మారింది. నువ్వు కూడా శ్రుతి దించి, డ్రమ్స్ తీసేసి ఒకసారి రికార్డు చేసి చూడు, లైవ్ షోలో పాడినట్టు కాకుండా.

వాల్తేరు వాసు

ఎక్స్ బ్యాండ్ అంటే పంక్ వాళ్లు కదా? అందులో ఈయన ఏం చేశాడు?

పాత కేసెట్ల పద్మ

ఒక ఆల్బమ్, 1987లో. అందులో ఒక పాట ఈయన రాసిందే, వాళ్లు పాడారు, తర్వాత ఈయన సొంతంగా కూడా పాడాడు. రెండూ విని మీరే చెప్పండి ఏది బాగుందో, నేను చెప్తే గొడవవుతుంది.

డాలస్ ప్రసాద్

కిట్టు తమ్ముడి డబ్బు ప్రశ్నకి నేను చెప్తాను, ఇక్కడి లెక్క కొంచెం తెలుసు.

అమెరికాలో సెషన్‌కి, అంటే ఇంకొకరి పాట రికార్డింగ్‌కి, వెళ్లి వాయిస్తే యూనియన్ రేటు ప్రకారం ఆ పూటకి డబ్బు వస్తుంది. ఆ పాట కోటి కాపీలు పోయినా వాయించినవాడి మామూలు ఆదాయం ఆ పూటకి వచ్చిందే. మామూలు రేడియోలో పాట వస్తే పాట రాసినవాళ్లకీ, పబ్లిషర్‌కీ డబ్బు వెళ్తుంది, పాడినవాళ్లకీ వాయించినవాళ్లకీ పైసా రాదు, ఇక్కడి చట్టం అలాంటిది. అందుకని వాయించేవాడికి వయసు మీదపడ్డాక కూడా డబ్బు రావాలంటే దారి ఒక్కటే, పాట రాయడం.

బడ్డీ మిల్లర్ ఈ పని చేశాడు. ఆయన, జిమ్ లాడర్‌డేల్ కలిసి రాసిన ఒక పాటని డిక్సీ చిక్స్ 1999లో 'ఫ్లై' ఆల్బమ్‌లో పెట్టారు, ఆ ఆల్బమ్ అమెరికాలోనే కోటి దాటింది. ఆ ఏడాది చట్టం పెట్టిన రేటు కాపీకి, పాటకి 7.1 సెంట్లు. ఇద్దరు రచయితలు, పబ్లిషర్లు పంచుకోగా మిగిలింది కూడా ఎన్ని సెషన్ల కూలీకి సమానమో మీరే లెక్క వేసుకోండి. మరుసటి ఏడాది లీ ఆన్ వొమాక్ బడ్డీ, జూలీల పాట ఒకటి తన పెద్ద హిట్ ఆల్బమ్‌లో పాడింది. సొంత ఆల్బమ్ వేయడం అంటే పేరు కోసమే అనుకోకండి. చాలాసార్లు అది దుకాణం ముందు పెట్టే బోర్డు. పెద్ద గాయకులు అది విని పాటలు తీసుకెళ్తారు.

బెజవాడ కిట్టు

అన్నా ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మరి రాయని వాళ్ల సంగతి? గొంతు ఉంది, వేలు ఉన్నాయి, పాట రాయడం రాదు, అలాంటి వాళ్లు?

డాలస్ ప్రసాద్

గ్లెన్ క్యాంప్‌బెల్. ఆర్కాన్సాలో పేద కుటుంబం, నోటేషన్ చదవడం రాదు, అయినా లాస్ ఏంజెలెస్‌లో అందరూ పిలిచే సెషన్ గిటారిస్టు. ఇప్పుడు రెకింగ్ క్రూ అంటున్నామే, ఆ గుంపు. సినాట్రాకి వాయించాడు, 'పెట్ సౌండ్స్'లో ఉన్నాడు. 1964 చివర్లో బ్రయాన్ విల్సన్ టూర్లు మానేస్తే ఆయన స్థానంలో బీచ్ బాయ్స్‌తో వెళ్లి బాస్ వాయించి పై గొంతు పాడి వచ్చాడు. ఇన్ని చేశాక 1967లో గాని సొంతంగా నిలబడలేదు. జాన్ హార్ట్‌ఫర్డ్ పాట ఒకటి, జిమ్మీ వెబ్ పాటలు కొన్ని. రాసేవాళ్లని ఎంచుకోవడమే ఆయన తెలివి. 'విచిటా లైన్‌మన్'లో ఆ మధ్యలో వచ్చే బరువైన సోలో ఉంది చూడండి, అది క్యారల్ కే దగ్గర తీసుకున్న ఆరు తీగల బాస్ మీద వాయించాడు. సోలో అంటే పాట ట్యూనే, ఇంకేం లేదు. ఎంత వచ్చినా అంతే వాయించాలని తెలిసిన మనిషి.

మోడరేటర్

పైరసీ లింకులు రెండు తీసేశాను. పాటల మాటలు మొత్తం కాపీ చేసి పెట్టకండి. మిగతాది కానివ్వండి, థ్రెడ్ బాగుంది.

విజయనగరం వయొలిన్

మన కచేరీలో పక్కవాద్యం పరిస్థితి ఇంత అన్యాయం కాదని చెప్పాలనిపించింది. గాయకుడు రాగం పాడాక వయొలిన్‌కి తన వంతు రాగం ఉంటుంది, స్వరకల్పనలో జవాబులు ఉంటాయి, మృదంగానికి ఒంటరిగా వాయించే తని ఉంటుంది. పక్కన కూర్చున్నా సభకు ఆయన ఎవరో తెలుస్తుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అలా పక్కన వాయించి వాయించి, ఆ తర్వాత వయొలిన్‌నే ప్రధాన వాద్యంగా పెట్టి సోలో కచేరీలు చేసి ఒప్పించారు. అందులో ఒక సుఖం ఉంది, ఆయన పాడనక్కర్లేదు, కొత్త కృతి రాయనక్కర్లేదు, త్యాగరాజస్వామి ఎప్పుడో రాసి పెట్టారు. మీ రూట్స్ రాక్‌లో గిటారిస్టు ముందుకు రావాలంటే గాయకుడూ కవీ కూడా అయిపోవాలి. ఇది నాకు కొంచెం విడ్డూరంగానే ఉంటుంది. మంచి గిటార్ వాయించేవాడు మంచి కవి ఎందుకు అవ్వాలి?

పాత కేసెట్ల పద్మ

చాలా మంచి ప్రశ్న. దానికి గిటారిస్టు రై కూడర్ ఒక జవాబు. కెప్టెన్ బీఫ్‌హార్ట్ అనే గాయకుడి మొదటి ఆల్బమ్‌లో 1967లో వాయించాడు, రోలింగ్ స్టోన్స్ 1969 ఆల్బమ్‌లో మాండలిన్, 1971 ఆల్బమ్‌లో స్లైడ్ గిటార్. వాళ్ల పక్కన ఉండిపోకుండా 1970లో సొంత ఆల్బమ్ వేశాడు, కానీ కవి అవడానికి ప్రయత్నించలేదు. డెబ్బైల్లో వేసినవన్నీ దాదాపు పాత పాటలే, కరవు రోజులవి, చర్చివి, హవాయివి, మెక్సికో సరిహద్దువి. అంటే మీ కచేరీ పద్ధతే. సొంతంగా ఎక్కువ రాయడం చాలా తర్వాత.

మనవాళ్లకి తెలిసిన కథ కూడా ఆయనదే. విశ్వమోహన్ భట్‌తో కలిసి 'ఎ మీటింగ్ బై ద రివర్', కాలిఫోర్నియాలో శాంటా బార్బరాలో ఒక చర్చి ప్రార్థన మందిరంలో రికార్డు చేశారు. కలిసిన కాసేపటికే వాయించడం మొదలుపెట్టారు. భట్ గారి మోహనవీణ, కూడర్ స్లైడ్, తబలా సుఖ్వీందర్ సింగ్ నామ్‌ధారి, కూడర్ కొడుకు ఒక అరబ్బీ డోలు. 1994లో గ్రామీ. విని చూడండి, ఎవరు ఎవరికి పక్కవాద్యమో చెప్పడం కష్టం.

టెలికాస్టర్ శ్రీధర్

కూడర్ వస్తే ఇక థ్రెడ్ ఆయనదే అయిపోతుంది, నేను బడ్డీ దగ్గరికి లాగుతాను :)

ఎమ్మిలూ హారిస్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆవిడ కూడా మొదట పేరు తెచ్చుకుంది పక్క గొంతుగానే. గ్రామ్ పార్సన్స్ పక్కన హార్మనీ పాడింది, ఆయన 1973లో పోయాడు, ఆవిడ 1975లో సొంతంగా నిలబడింది. అందుకేనేమో ఆవిడ బ్యాండ్‌లో పక్కన వాయించేవాళ్లకు ఎదిగే చోటు ఉండేది. హాట్ బ్యాండ్‌లో రిథమ్ గిటార్‌తో చేరిన రాడ్నీ క్రోవెల్ పాటలు ఆవిడే పాడింది, అతను 1978లో సొంత ఆల్బమ్ వేశాడు, 1988 ఆల్బమ్ నుంచి ఏకంగా అయిదు పాటలు కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లాయి. రిక్కీ స్కాగ్స్ కూడా అక్కణ్ణుంచి వచ్చినవాడే. బడ్డీ మొదటి ఆల్బమ్‌లో ఆవిడ వచ్చి పాడింది, తర్వాత ఆవిడ బ్యాండ్‌లోకి ఈయన వెళ్లాడు. కిట్టూ, ఎవరి పక్కన వాయిస్తున్నావన్నది చూసుకో. సొంత పాట పాడతానంటే నీ పని చూసుకో అనేవాళ్ల దగ్గర ఎన్నేళ్లున్నా అంతే.

దీనికి ఎదురు కథ గర్ఫ్ మార్లిక్స్‌ది. లూసిండా విలియమ్స్ పక్కన పదేళ్ల పైన గిటార్, ప్రొడక్షన్ రెండూ ఆయనే. 'కార్ వీల్స్' రికార్డింగ్ ఏళ్ల తరబడి సాగుతూ, చేసింది మళ్లీ చేస్తూ ఉండేసరికి ఇద్దరికీ చెడింది, ఆయన వెళ్లిపోయాడు. ఆల్బమ్ 1998లో వచ్చి గ్రామీ కొట్టింది. గర్ఫ్ 2000లో మొదటి సొంత ఆల్బమ్ వేశాడు, టెక్సస్‌లో తన స్టూడియోలో ఇతరులకి ప్రొడ్యూస్ చేస్తూ, రే వైలీ హబ్బర్డ్ లాంటివాళ్లకి, మధ్యలో తన ఆల్బమ్‌లు వేసుకుంటూ పోయాడు. పెద్ద పేరు రాలేదు. చనిపోయిన స్నేహితుడు బ్లేజ్ ఫోలీ పాటలతో 2011లో ఒక ఆల్బమ్ చేశాడు, గొంతు బొంగురు, వేగం తక్కువ, నాకు చాలా ఇష్టం.

ట్యూబ్ ఆంప్

ఎవరూ ఆ గిటార్ గురించి చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తాను. వాసు గారు వింత ఆకారం అన్నది వాండ్రే. ఇటలీలో ఆంటోనియో పియోలి అనే ఆయన తయారుచేసినవి, మెడలో అల్యూమినియం ఉంటుంది, మెరిసే రంగులు, చూస్తే గిటార్ అనిపించదు. బడ్డీ అది పట్టుకుని తిరగడం వల్లే చాలామంది వాటిని మళ్లీ వెతకడం మొదలుపెట్టారు. దానికి తోడు ట్రెమొలో, అంటే శబ్దం పెరుగుతూ తగ్గుతూ వణికేలా చేసే ఎఫెక్ట్. మాట ఆగిన చోట ఆ వణుకు నిలబడుతుంది, అందుకే ఎక్కువ స్వరాలు వాయించాల్సిన అవసరం పడదు. ఆంప్ మీద ట్రెమొలో స్పీడ్ పాట లయకి సరిగ్గా అతికించకండి, కొంచెం తేడాగా వదిలేయండి, అప్పుడే ప్రాణం ఉంటుంది.

బెజవాడ కిట్టు

మా దగ్గర ఉన్న ప్రాసెసర్‌లో ట్రెమొలో ఉంది, ఎప్పుడూ వాడలేదు. సినిమా పాటల్లో ఎక్కడ వాడతాం అన్నా.

పాత కేసెట్ల పద్మ

ఈ థ్రెడ్‌లో అందరూ "ముందుకొచ్చాడు, నిలబడ్డాడు" అన్నట్టు మాట్లాడుతున్నారు, ఒక విషయం చెప్పకపోతే అన్యాయం. జూలీ సంగతి. బడ్డీ ఆల్బమ్‌లలో బాగా గుచ్చుకునే పాటలు చాలావరకు ఆవిడ రాసినవి. ఇద్దరి పేర్లతో 2001లో ఒకటి వచ్చింది, 2009లో 'రిటెన్ ఇన్ చాక్' వచ్చింది. ఆ రెండోది విడుదలకి కొద్ది రోజుల ముందే బడ్డీకి బాల్టిమోర్‌లో షో అయ్యాక గుండెపోటు, మూడు బైపాస్‌లు. అప్పుడు కూడా వాయిస్తున్నది వేరేవాళ్లతోనే, ఎమ్మిలూ, ప్యాటీ గ్రిఫిన్, పాత స్నేహితురాలు షాన్ కాల్విన్. ఆ ఏడాది అమెరికానా అవార్డుల్లో ఉత్తమ ఆల్బమ్ అదే.

ఆ తర్వాత? ఇద్దరూ కలిసి చేసిన తర్వాతి ఆల్బమ్ 2019లో. పదేళ్లు. ఆ పదేళ్లలో బడ్డీ ప్లాంట్‌కి చేశాడు, ప్యాటీ గ్రిఫిన్ గాస్పెల్ ఆల్బమ్ ప్రొడ్యూస్ చేశాడు, అది గ్రామీ తెచ్చుకుంది, నాష్‌విల్ అనే టీవీ సీరియల్‌కి ఏళ్ల తరబడి సంగీతం చూశాడు, లాడర్‌డేల్‌తో ఒక ఆల్బమ్, ఫ్రిసెల్, రీబో లాంటి గిటారిస్టులతో ఒకటి. ఇంట్లో రాసే మనిషి మాత్రం ఎదురుచూస్తూ ఉండిపోయింది. వాళ్లిద్దరూ ఇంటర్వ్యూల్లో ఈ మాట దాచుకోలేదు. 2019 ఆల్బమ్ పేరే 'బ్రేక్‌డౌన్ ఆన్ ట్వంటియత్ ఎవెన్యూ సౌత్', అది వాళ్ల వీధి. ఈసారి కింద ఉన్న స్టూడియో కాకుండా మేడ మీద పడగ్గదిలో రికార్డు చేశారు. అందరికీ పనికొచ్చే మనిషికి ఇంట్లోవాళ్లకి పనికొచ్చే టైమ్ దొరకదు. ఆడవాళ్లు ఈ సంగతి చెప్తే మీరు ఈ థ్రెడ్‌లో ఆంప్‌ల గురించి మాట్లాడుకుంటున్నారు.

టెలికాస్టర్ శ్రీధర్

పద్మ గారూ, ఒప్పుకుంటాను. నో డిప్రెషన్ పత్రిక 2008లో అచ్చు ఆపేసే ముందు ఆయన్ని దశాబ్దపు కళాకారుడు అని ముఖచిత్రం వేసింది. ఆ దశాబ్దపు సగం పాటల కింద జూలీ పేరు ఉంది.

డాలస్ ప్రసాద్

అయినా ఒక మాట. పనికి పిలిస్తే కాదనలేకపోవడం వాయించేవాళ్లందరి రోగం. ఈ నెల పని ఉంది, వచ్చే నెల ఉంటుందో లేదో అనే భయంతోనే జీవితం అంతా గడుస్తుంది. పేరొచ్చాక కూడా ఆ భయం పోదు. నేను బడ్డీని తప్పుపట్టను.

పాత కేసెట్ల పద్మ

నేనూ తప్పుపట్టట్లేదు. ఆవిడ పాటల్లో పట్టింది, అది చాలు. 2023లో ఇంకో ఆల్బమ్ కూడా వచ్చింది ఇద్దరిదీ, అంటే ఈసారి పదేళ్లు పట్టలేదు.

వాల్తేరు వాసు

పద్మ గారు చెప్పిన 2004 ఆల్బమ్ విన్నాను, ఆ వెంటనే 1995ది కూడా. నా ఓటు పాతదానికే. తొమ్మిది నిమిషాల పాట గొప్పదే, కాదనను, కానీ మొదటి ఆల్బమ్‌లో ఇంట్లో కూర్చుని పాడుకుంటున్నట్టు ఉంది, ఎవరినీ ఒప్పించాలని లేదు. పాడగలడా అన్న సందేహం తీరింది. డేవ్ ఆల్విన్ పాట రెండు రకాలూ విన్నాను, ఎక్స్ వాళ్లదే నాకు నచ్చింది, గొడవకి సిద్ధం.

పాత కేసెట్ల పద్మ

తెలుసు, అందుకే చెప్పలేదు. ఆల్విన్ లైవ్‌లో పాడింది వినండి, అప్పుడు రండి.

బెజవాడ కిట్టు

పద్మక్కా, మీరు చెప్పినట్టు శ్రుతి ఒకటిన్నర మెట్టు దించి, డ్రమ్స్ లేకుండా ఫోన్‌లోనే ఒక పాట రికార్డు చేశాను. ట్యూబ్ ఆంప్ అన్న చెప్పిన ట్రెమొలో కూడా పెట్టాను. మా బాస్ వాయించే అబ్బాయి విని, గొంతు నీదేనా అని అడిగాడు. పొగిడాడో లేదో తెలియలేదు. రెండో చరణం ఇంకా సరిగా కుదరలేదు, అక్కడ సోలో పెట్టి దాటేద్దామా అనుకుంటున్నాను.

టెలికాస్టర్ శ్రీధర్

వద్దు, చరణం మళ్లీ రాయి. రాశాక పాటల విభాగంలో పెట్టు, అక్కడ వింటాం.